పూల గంప, పూల కంప: ఒక అక్షర జ్ఞాపకాన్ని రాయించిన అనుభవం

2023 జూలై నుంచి నవంబరు వరకు తిరుపతిలోని కొర్లగుంట ప్రాంతంలో, ఒక అద్దె గదిలో, పూలు కట్టి అమ్ముకొనే పదకొండు మంది స్త్రీలతో నేను ఒక తరగతి నడిపాను. చదువుతోనూ, రాతతోనూ, తాము మాట్లాడే భాషలతోనూ తమకు ఏ సంబంధం ఏర్పడిందో, లేదా ఎందుకు ఏర్పడలేదో ఎవరికి వారు కథగా చెప్పుకోవడం, చెప్పినదాన్ని కాగితం మీదికి తెచ్చుకోవడం, చివరకు నలుగురి ముందు నిలబడి వినిపించడం ఆ తరగతి ఉద్దేశం. ఇటువంటి కథనాలను నేను అక్షర జ్ఞాపకాలు అంటున్నాను. పదకొండు మందిలో ఏడుగురు చివరిదాకా నిలిచారు. ఆ ఏడుగురిలో ఒకరి విషయాన్నే ఇక్కడ పూర్తిగా నమోదు చేస్తున్నాను; తక్కిన ఆరుగురి పని సాఫీగా సాగింది గనుక దానినుంచి నేను నేర్చుకొన్నది తక్కువ.

ఆమెకు అప్పటికి 52 ఏళ్లు. పుట్టిల్లు తిరుత్తణి వైపు గనుక గుంపులో అందరూ తిరుత్తణక్క అని పిలిచేవారు. అసలు పేరు రాయకుండా నేనూ అదే వాడతాను. ఈ నివేదికను రెండుసార్లు ఆమెకు చదివి వినిపించాను, తీసివేయమన్నవి తీసివేశాను.

నా సంగతి కూడా కొంత చెప్పవలసి ఉంది. జాతీయ సాక్షరతా మిషన్ 1988 మే 5న మొదలైంది. 1990లో ఎర్నాకుళం సంపూర్ణ అక్షరాస్యత సాధించిన జిల్లాగా ప్రకటితమైన తర్వాత ఆ ఊపు మన జిల్లాలను కూడా తాకింది. చిత్తూరు జిల్లాలో ఆ ఉద్యమం నడిచిన రోజుల్లో నేను డిగ్రీ చదువుతూ, స్వచ్ఛంద కార్యకర్తగా ఇల్లిల్లూ తిరిగి 15 నుంచి 35 ఏళ్ల మధ్యవారి జాబితాలు రాశాను. "అమ్మా, తెలుగు చదివేదీ రాసేదీ వచ్చునా?" అని అడిగేవాళ్లం, రాదంటే పేరు ఎక్కించుకొని తర్వాతి గడపకు పోయేవాళ్లం. ఆ ప్రశ్నలో ఉన్న లోపం నాకు తెలిసిరావడానికి ముప్పై ఏళ్లు గడవవలసివచ్చింది, ఒక పూల లెక్కల నోటుపుస్తకం నా చేతికి రావలసివచ్చింది.

అరిగిపోయిన కథ

తరగతిని మొదట శుక్రవారం మధ్యాహ్నానికి పెట్టాను. ఒక్కరూ రాలేదు. కొండమీద పూలన్నీ స్వామికే అన్న సంప్రదాయం వల్ల తిరుమలలో ఆడవారు తలలో పూలు ముడుచుకోరు. అందువల్ల వీరి బేరమంతా కిందనే, గోవిందరాజస్వామి గుడి పరిసరాల్లోనూ తిరుచానూరులోనూ జరుగుతుంది. శుక్రవారం వారికి తలెత్తే తీరిక ఉండదన్న మాట నాకు తట్టకపోవడం, ఇన్నేళ్లు ఈ ఊళ్లో ఉన్నదానికి, సిగ్గుపడవలసిన విషయమే. బుధవారం ఒంటిగంట నుంచి మూడింటిదాకా అని మార్చాను. వారు మల్లెమొగ్గలూ కనకాంబరాలూ అరటినారా ఒడిలో పెట్టుకొని, కట్టుకుంటూనే మాట్లాడతామన్నారు. మొదటి వారం వద్దన్నాను. అందరూ ముళ్లమీద కూర్చున్నట్టు కూర్చోవడం చూసి రెండో వారం ఒప్పుకున్నాను.

"మీ చదువు సంగతి చెప్పండి" అన్నప్పుడు తిరుత్తణక్క చెప్పినది నాలుగు వాక్యాలు. "మాది లేని సంసారం. నాయన చదివించలేదు. నాకు చదువు రాదు. నా బిడ్డలన్నా చదువుకోవాలని కష్టపడితిని." మిగిలిన పదిమంది చెప్పినదీ కొంచెం అటూ ఇటూగా ఇదే. ఈ నాలుగు వాక్యాలూ అబద్ధమని నేను అనను. కానీ వీటిని వారు చాలాసార్లు, చాలామంది ముందు చెప్పి ఉన్నారు. పింఛను కాగితాల దగ్గర, బ్యాంకులో, బిడ్డను బడిలో చేర్చేచోట, అడిగేవారు ఏమి వినదలచుకున్నారో కనిపెట్టి చెప్పీ చెప్పీ అరగదీసిన కథ అది. ఇందులో మా తరం కార్యకర్తల పాలు కూడా ఉంది. చీకట్లో ఉన్నాను, అక్షరం నేర్చాను, వెలుగులోకి వచ్చాను అని సభల్లో చెప్పేలా కొత్తగా సంతకం నేర్చినవారిని తయారుచేసింది మేమే. ఆ అచ్చులో పోసిన కథలో మనిషి కనబడదు.

అచ్చులో పోయని కథ ఎంత పని చేయగలదో అదే కాలంలో పక్క జిల్లాలో చూశాం. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా తరగతులకు వచ్చే స్త్రీలు తమ ఊరి సారా దుకాణాన్ని మూయించారు. ఆ వైనం తర్వాత వాచకంలో పాఠమైంది. దాన్ని చదివిన ఇతర ఊళ్ల స్త్రీలు తమ దుకాణాల మీదికి పోయారు. అది రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చేదాకా సాగింది. ఫలానా ఊరిలో, ఫలానా దుకాణం ముందు, తమవంటి ఆడవాళ్లే ఏమి చేశారో ఆ పాఠం చెప్పింది గనుకనే చదివినవారు దాన్ని నమ్మారు.

నాలుగు వాక్యాల కథను దాటించడానికి మూడో వారం నేను వారికి రాససుందరీ దేవి సంగతి చెప్పాను. పంతొమ్మిదో శతాబ్దపు బెంగాల్‌లో, ఆడవారు చదవడం తప్పని నమ్మే ఇంట్లో, ఆమె చైతన్య భాగవతం ప్రతిలోని ఒక ఆకును వంటింట్లో దాచుకొని, కొడుకు అక్షరాలు దిద్దిన తాటాకుతో సరిపోల్చుకుంటూ రహస్యంగా చదవడం నేర్చుకుంది. రాయడం మాత్రం ఎన్నో ఏళ్ల తర్వాత, కొడుకు ఉత్తరాలకు జవాబివ్వవలసి వచ్చినప్పుడు గాని పట్టుబడలేదు. అందరూ విని ఊరుకున్నారు. తిరుత్తణక్క ఒక్కతే, కట్టే మూర ఆపకుండానే, "ఒక రాత తెలిసి ఇంకో రాత తెలవకుంటే దాన్నేమంటారు టీచరమ్మా?" అని అడిగింది. నేను చదవడానికీ రాయడానికీ తేడా వివరించాను. ఆమె అడిగినది అది కాదని నాకు తెలియడానికి రెండు వారాలు పట్టింది.

అక్షరాలున్న వస్తువు

నాలుగో వారం, ఇంట్లో అక్షరాలున్న వస్తువు ఏదైనా ఒకటి తెమ్మన్నాను. ఒకామె పెళ్లినాటి స్టీలు చెంబు తెచ్చింది. దాని మీద చెక్కిన పేరులో ఒక అక్షరం తప్పని, ఆ తప్పు తనకు నలభై ఏళ్ల తర్వాత మనవరాలు చెప్పేదాకా తెలియదని నవ్వుతూ చెప్పింది. మరొకామె ఏమీ తేకుండా మోచేతి మీది పచ్చబొట్టు చూపింది. రేషను కార్డులు, గ్యాసు పుస్తకాలు, ఒక పెళ్లిపత్రిక వచ్చాయి. తిరుత్తణక్క ఉత్త చేతులతో వచ్చింది. ఆ తర్వాతి బుధవారం, అందరూ వెళ్లిపోయాక, పూల గంప అడుగున ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉంచిన పొడుగాటి నోటుపుస్తకాన్ని తీసి నా ముందు పెట్టింది.

నేను చిత్తూరులో పెరిగినదాన్ని గనుక తమిళ అక్షరాలు కూడబలుక్కొని చదవగలను. రెండు పంక్తులు చదివేసరికి ఆగిపోయాను. అక్షరాలు తమిళం, మాటలు తెలుగు. ఉన్నదున్నట్టు తెలుగు అక్షరాల్లో పెడితే ఇలా ఉంటుంది: "మల్లి 4 మూర, కులాపి అర కిలో, వట్టి కట్టితి." గులాబీ, వడ్డీ అన్నమాట. తమిళ లిపిలో క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరం. ట-డలకూ, త-దలకూ, ప-బలకూ అంతే. పలుకులోని తేడాను చోటును బట్టి చదివేవారే పోల్చుకుంటారు. ఆ లిపితో ఆమె తన తెలుగును ఇరవై ఏళ్లకు పైగా రాసుకుంటూ వస్తోంది. అటువంటి నోటుపుస్తకాలు ఇంట్లో పందొమ్మిది ఉన్నాయట. భర్తకు గాని, తెలుగు, ఇంగ్లీషు చదివిన బిడ్డలకు గాని వాటిలో ఒక్క ముక్క తెలియదు.

ఇది ఎలా జరిగిందో తెలుసుకోవాలంటే ఆమె ఊరి చరిత్రను కొద్దిగా తాకాలి. 1960 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఏప్రిల్ 1న, రెండు రాష్ట్రాల సరిహద్దు సర్దుబాటులో, అది మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది. సత్యవేడు ప్రాంతం ఇటు వచ్చింది. ఆమె తండ్రి అంతకు ముందు కాలంలో ఊరి బడిలో తెలుగు చదువుకున్నాడు. 1971లో పుట్టిన కూతురు అదే బడిలో చేరేనాటికి అక్కడ పాఠం తమిళంలో చెప్పేవారు. ఇంట్లో మాట మాత్రం తెలుగే. అయిదో తరగతిదాకా ఆమె బడి మానకపోవడానికి కారణం మధ్యాహ్న భోజనం. 1956 నుంచే ఆ రాష్ట్రంలోని బడుల్లో అది ఉంది. పదిహేడో ఏట పుత్తూరు దగ్గరి పల్లెకు కోడలిగా వచ్చింది. మూడేళ్లకు సాక్షరతా కార్యకర్తలు గడప తొక్కి, "తెలుగు చదివేదొస్తుందా?" అని అడిగారు. రాదంది. నిరక్షరాస్యుల జాబితాలో పేరెక్కింది. రాత్రిబడిలో నాలుగక్షరాల సంతకం నేర్చుకొని మానేసింది. ఆ ఏడు జనగణన నియమం ప్రకారం ఏడేళ్లు దాటిన వ్యక్తి ఏ భాషలోనైనా అర్థం చేసుకుంటూ చదవగలిగి, రాయగలిగితే అక్షరాస్యులే. మా జాబితా కాగితంలో "ఏ భాషలోనైనా" అన్న మాట ఉండిందేమో నాకు గుర్తు లేదు. మా నోట మాత్రం ఎన్నడూ రాలేదు. ఆ కార్యకర్త నేను కాను, ఆ పల్లెకు నేను వెళ్లలేదు. అయినా నోటుపుస్తకం చేతిలో పట్టుకొని ఆ మధ్యాహ్నం చాలాసేపు నాకు మాట పెగల్లేదు.

ఈ రాతను ఎందుకు దాచావని అడిగాను. దాచలేదని, ఎవరూ అడగలేదని అంది. కొంత ఆగి, అరవంలో రాసుకొనేది చదువెట్లవుతుందని తనే అడిగింది. అప్పుడు బయటికి వచ్చింది అసలు కథ. ఒకప్పుడు ఆమె ఉన్న పొదుపు గుంపులో, కట్టిన సొమ్ములో 600 రూపాయలు పుస్తకంలో ఎక్కలేదు. తన నోటుపుస్తకంలో తేదీతో సహా ఉంది. మీటింగులో ఆ మాట అంటే, పుస్తకం రాసే ఆమె, "నీకు చదువు రాదు గదక్కా, నీకెట్ల తెలుసు?" అన్నది. నోటుపుస్తకం చూపితే అక్కడ దాన్ని చదవగలిగినవారు ఎవరూ లేరు. 600 మళ్లీ కట్టింది. అక్షరం వచ్చి ఉండీ రాదనిపించుకోవడం ఎలా ఉంటుందో ఆమె నాకు వర్ణించలేదు. కట్టిన తేదీ చెప్పింది, రెండోసారి కట్టిన తేదీ కూడా చెప్పింది.

అక్షరాస్యత ఎవరివల్ల వస్తుందనే విషయమై అమెరికన్ పరిశోధకురాలు డెబొరా బ్రాండ్ట్ 1998లో ఒక ఆలోచనను ముందుకు తెచ్చింది. ఒకరి చదువుకు తోడ్పడేవారూ, దాన్ని అదుపు చేసేవారూ, అడ్డుకొనేవారూ, ఆ పనివల్ల తామూ ఏదో ఒక లాభం పొందేవారూ అందరూ ఆ చదువుకు పోషకులే అంటుందామె. గురువును, తల్లిదండ్రులను మాత్రమే తలచుకొనే మనకు ఈ లెక్క కొంచెం ఎబ్బెట్టుగానే ఉంటుంది. తిరుత్తణక్క విషయంలో అది సరిగ్గా సరిపోయింది. బడికి రప్పించింది అన్నం. రాతను అలవాటుగా నిలిపింది దినవడ్డీకి అప్పిచ్చినవాడు. రోజూ సాయంత్రం వచ్చి వసూలు చేసుకొనే మనిషి చీటీలో ఏమి రాసుకుంటున్నాడో నమ్మకం లేక, తనవైపు లెక్క తాను రాసుకోవడం మొదలుపెట్టింది. అతడు లేకపోతే ఆ పందొమ్మిది పుస్తకాలు లేవు.

రాయసం

ఆగస్టు చివర ఆమె కథను ఫోనులో రికార్డు చేశాను. పద్నాలుగు నిమిషాలు వచ్చింది. దాన్ని కాగితం మీదికి దించే పని, అంటే రాయసం, నాదే. మూడు గంటలు కూర్చొని రాసి, బాగు చేసి, తర్వాతి బుధవారం చదివి వినిపించాను. ఒక భాగాన్ని రెండు రకాలుగానూ ఇక్కడ ఇస్తాను. ఆమె చెప్పినది ఇది:

"మా నాయన నాకు జాబు రాస్తా ఉండె, తెలుగులో. పక్కింటి పిల్లోడు చదివి చెప్తా ఉండె. నేను జవాబు అరవంలో రాసి పంపిస్తా ఉంటి. ఆడ మా నాయన దాన్ని చేత బట్టుకోని, చదివే మనిషిని ఎతుక్కుంటా పోతా ఉండె. ఇద్దరికీ చదువొచ్చు. ఒకరిది ఒకరికి రాదు."

నేను రాసినది ఇది: "మా నాన్నగారు నాకు తెలుగులో ఉత్తరాలు రాసేవారు. వాటిని పొరుగింటి అబ్బాయి చదివి వినిపించేవాడు. నేను తమిళంలో జవాబు రాసేదాన్ని. ఇద్దరమూ అక్షరాస్యులమే అయినప్పటికీ ఒకరి ఉత్తరం మరొకరు చదువుకోలేని పరిస్థితి ఉండేది."

ఆమె మొత్తం విని, "బాగుండాది టీచరమ్మా. ఎవురిది ఇది?" అంది.

ఎగతాళికి అన్నమాట కాదది, నిజంగానే అడిగింది. ఇంటికి వచ్చి రెండు ప్రతులనూ పక్కపక్కన పెట్టుకొని చూస్తే నేను చేసిన నష్టం మాండలికానికి మించి ఉందని తెలిసింది. ఆమె మాటల్లో ఒక ముసలాయన తెలియని అక్షరాలున్న కాగితం పట్టుకొని, చదివి పెట్టేవారి కోసం వీధివెంట నడుస్తున్నాడు. నా వాక్యంలో ఆయన లేడు. ఆయన చోట "పరిస్థితి" వచ్చి కూర్చుంది. నడకంతా పోయి ఒక భావవాచకం మిగిలింది. ఫోనులో టైపు చేసినప్పుడు మరో సంగతి గమనించాను. "పోతా ఉండె" అని కొట్టబోతే అది నాకు "పోతూ ఉండేది", "పోతున్నాడు" అని అందిస్తూ వచ్చింది. చేయి తొందరలో ఉన్నప్పుడు రెండుచోట్ల వాటినే ఒప్పేసుకున్నాను. రాయసగత్తె పక్కన ఇప్పుడు మరో రాయసగాడు కూడా కూర్చుంటున్నాడని, వాడి భాష కోస్తా పత్రికల భాషేనని ఈ పని చేసేవారు గుర్తుంచుకోవడం మంచిది.

రెండోసారి రికార్డును వాక్యం వాక్యంగా ఆపి రాశాను. ఈసారి అటువైపు మొగ్గాను. ఆమె ఒకచోట "చదువు" అని, మరోచోట "సదువు" అని పలికితే, నేను మొత్తం "సదువు" చేశాను. "ఇస్కూలు", "మద్దేనం" వంటివి వెదకి వెదకి నింపాను. విని మొహం చిట్లించింది. "నేనేమన్నా మరీ అట్ల మాట్లాడతానా?" అంది. పలుకును యథాతథంగా దించడం కూడా, ఒక మోతాదు దాటితే, మనిషిని వేషగాడిగా నిలబెడుతుంది. నేను పలికే మాటలను ఎవరూ అలా రాయరు. నేనూ "చేస్కుంటాం" అంటాను, "చేసుకుంటాం" అని రాస్తాను. ఆ సౌకర్యం ఆమెకు ఎందుకు ఇవ్వలేదో నా దగ్గర సరైన జవాబు లేదు. చివరకు కుదిరిన ఒప్పందం ఆమె పెట్టినదే: క్రియలు, వరుసలు, మాటల పొందిక ఆమెవి; అక్షరక్రమం బడి పుస్తకానిది.

కంప

సెప్టెంబరు మధ్యలో, తన కథ మొదటి పేజీ తానే తెలుగులో రాసుకొని వస్తానంది. తొమ్మిది పంక్తులు రాసింది. నేను దాన్ని తీసుకొని, ముందుగా కళ్లతో ఒకసారి చూసుకోకుండా, గదిలో అందరికీ వినబడేలా చదవడం మొదలుపెట్టాను. మూడో పంక్తి ఇలా ఉంది: "తెల్లారిజామున లేచి పూల కంప నెత్తిన పెట్టుకోని పోతా ఉంటి." మా వైపు కంప అంటే ముళ్లకొమ్మ. ఇంత ముళ్లకంప నెత్తిన పెట్టుకొని నడిచే మనిషి అందరి కళ్లముందూ కదిలింది. గది గొల్లుమంది. నవ్వులో నేనూ కలిశాను, ఒక్క క్షణమే అయినా.

ఆమె రెండు బుధవారాలు రాలేదు. తప్పు నాది: ఎవరి చేతిరాతనైనా మొదటిసారి వారికి మాత్రమే వినబడేలా చదవాలన్నది ఈ పనిలో మొదటి జాగ్రత్త, దాన్నే నేను మరిచాను. మూడో వారం సాయంత్రం గోవిందరాజస్వామి గుడి దగ్గర ఆమె కూర్చొనే చోటికి వెళ్లి, రెండు మూరల కనకాంబరం కొని, పక్కన కూర్చున్నాను. చాలాసేపటికి తానే అంది: "నవ్వినందుకు కాదు నేను రాంది. ఆ అక్షరం నాకు తెలుసు. చెయ్యి పాత అలవాటుకు పోయింది. తెలిసినదాన్ని తెలవని మాదిరి చూస్తిరే, అదీ."

ఆ రాత్రి తొమ్మిది పంక్తులనూ మళ్లీ తీసి తప్పులు లెక్కపెట్టాను. పదమూడు ఉన్నాయి. అందులో పదకొండు ఒకే జాతివి: గ ఉండవలసినచోట క, డ బదులు ట, ద బదులు త, బ బదులు ప. ఒక్కటి కూడా దీనికి తలకిందులుగా లేదు. మిగిలిన రెండూ ఒత్తుల దగ్గర జారినవి. తెలుగు గుణింతాలను ఆమె ఎక్కడా తప్పలేదు. తలకట్టు, కొమ్ము, ఏత్వం అన్నీ ఉండవలసినచోటే ఉన్నాయి. ఎర్ర సిరాతో చుట్టి పెడితే పదమూడు తప్పులుగా కనబడే పేజీ, నిజానికి ఒక లిపి నియమాన్ని మరో లిపిలో నూటికి నూరుపాళ్లూ పాటించిన పేజీ. వాచకాన్ని మొదటి పాఠం నుంచి ఆమెకు మళ్లీ చెప్పి ఉంటే నెలలు పట్టేది, ఆమె మానేసి ఉండేది. ఆ నాలుగు జతల మీదనే మూడు బుధవారాలు కూర్చున్నాం. గొంతు మీద వేలు పెట్టుకొని క, గ అని పలికి, ఏది అన్నప్పుడు లోపల అదురుతుందో చూసుకోవడం ఆమెకు బాగా నచ్చింది. మూర కడుతూ మధ్యలో గొంతు పట్టుకొనేది. ఖ, ఘ, ఛ, ఝ ల జోలికి మేము పోలేదు. ఆమె మాటల్లో వాటి అవసరం ఎంత తక్కువో చూస్తే, మన వాచకాలు వాటిని అంత ముందుగా ఎందుకు తెస్తాయో అనిపించింది.

ఇక్కడ నేను మరో పొరపాటు చేయబోయాను. ఆ కథకు "పూల కంప" అని పేరు పెడదామని, ఆ తప్పును అలాగే ఉంచితే దానిలో ఒక అందముందని అన్నాను. పూలు మోసే తలకు ముళ్లున్నాయన్న ధ్వని నాకు తెగ నచ్చింది. ఆమె ఒప్పుకోలేదు. "గంప మోసినదాన్ని కంప అని ఎందుకు రాసుకుంటాను? అక్షరం తప్పయితే దిద్దు. మాట మాత్రం మార్చబాక." అంతవరకు "మీరు" అంటూ వచ్చిన మనిషి ఆ రోజే నన్ను "నువ్వు" అనడం మొదలుపెట్టింది. కథకు పేరు "పూల గంప" అయింది. ఈ నివేదికకు నేను పెట్టిన పేరు వినిపించినప్పుడు మాత్రం, నీ కాగితానికి నీ ఇష్టం అంది.

అక్టోబరులో ఒకరోజు తండ్రి రాసిన ఇన్‌లాండ్ ఉత్తరం ఒకటి తెచ్చింది. ఆయన పోయి చాలా ఏళ్లయింది. ఈసారి తానే చదువుతానని కూర్చుంది. మేమందరం పని ఆపి చూశాం. చదవలేకపోయింది. అది గొలుసుకట్టు రాత. అక్షరానికీ అక్షరానికీ మధ్య కలం ఎత్తకుండా, తలకట్లన్నీ ఒకదానిలోకి ఒకటి జారిపోయిన పాతకాలపు చేయి. మేము నేర్చుకున్నది అచ్చక్షరం. "శ్రీరామ" అన్న మొదటి మాట, తన పేరు, చివర ఆయన సంతకం తప్ప ఇరవై నిమిషాల తర్వాత కూడా ఆమెకు ఏమీ చిక్కలేదు. నన్ను చదవమంది. నేనూ రెండు మాటల దగ్గర తడబడ్డాను. ఆయన రాసినదాన్ని సర్దకుండా, ఉన్నదున్నట్టు, ఆమెకు మాత్రమే వినబడేలా చదివాను. అందులో ఏమున్నదో ఈ నివేదికకు సంబంధించినది కాదు.

చెప్పిన రోజు

నవంబరు చివరి వారంలో అదే గదిలో ఏడుగురూ తమ కథలు చెప్పారు. ఇంటివారు, ఇరుగుపొరుగు కలిసి ముప్పై మంది దాకా వచ్చారు. కాగితం చూసి చదవాలా, నోటితో చెప్పాలా అన్నది ఎవరి ఇష్టం వారికి వదిలేశాను. తిరుత్తణక్క కాగితాన్ని మడిచి చేతిలో పట్టుకొని నోటితో చెప్పింది. రాతలో నాలుగు పంక్తులున్న మధ్యాహ్న భోజనం మాటలో అయిదు నిమిషాలు పెరిగింది: పళ్లెం ఇంటినుంచి తీసుకుపోవడం, దారిలో దాన్ని తప్పెటలాగా వాయించుకుంటూ పోవడం, వడ్డించే ఆయమ్మ ఎవరికి ఎక్కువ వేసేదో అన్నీ వచ్చాయి. జాబుల సంగతి చెప్పినప్పుడు కొడుకు తల వంచుకొని విన్నాడు. ఆ విషయం అతడికి అదే మొదటిసారి తెలియడం. రాతలో ఒక పూర్తి పేజీ ఉన్న 600 రూపాయల వృత్తాంతం మాత్రం నోటి కథలో లేనేలేదు. వచ్చినవారిలో ఆ పుస్తకం రాసిన ఆమె ఆడబిడ్డ ఉంది.

మొదట నాకు వెలితిగా తోచింది. నా దృష్టిలో కథకు ప్రాణం అక్కడే ఉంది. కానీ చెప్పడానికి ఎదురుగా మనుషులుంటారు, రాతకు వారు కనబడరు. ఆమె రేపు ఆ వీధిలోనే గంప దించుకొని కూర్చోవాలి. కాగితం మీద ఉంచి, నోటినుంచి తీసివేయడం ఆమె తీసుకున్న నిర్ణయం, అది సరైనదే. ఏ కథ గదికి, ఏది అచ్చుకు, ఏది బయటివారికి అన్న మూడు గీతలను మొదటి వారమే గీసి ప్రతివారి అనుమతినీ విడివిడిగా రాయించుకొని ఉండవలసింది. ఈ పని నేను పదో వారంలో గాని చేయలేదు. ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయం వారు నెలకొల్పిన అక్షర జ్ఞాపకాల భాండాగారం వంటి చోట్ల ఎవరి కథను వారే భద్రపరచడానికి ఇస్తారు. మా దగ్గర కథ చెప్పినవారు వేరు, ఫోను నొక్కినవారు వేరు. ఆ తేడా ఉన్నచోట జాగ్రత్త రెట్టింపు కావాలి.

ఆ రోజు వచ్చినవారిలో వయోజన విద్య తెలిసిన ఒక పెద్దమనిషి, ఈ అయిదు నెలల్లో ఎంతమంది కొత్తగా అక్షరాస్యులయ్యారని అడిగారు. మిగిలినవారి మాట ఎలా ఉన్నా, తిరుత్తణక్కను నేను ఆ లెక్కలో చూపలేకపోయాను. జనగణన నిర్వచనం ప్రకారం ఆమె బడిలో ఉన్న రోజుల నుంచే అక్షరాస్యురాలు. తర్వాతి గుంపు కోసం నా దరఖాస్తు కాగితంలో "తెలుగు చదవడం వచ్చునా?" అన్న ప్రశ్న తీసివేసి, "మీ లెక్క మీరు ఎలా గుర్తుపెట్టుకుంటారు?" అని పెట్టాను. జవాబుల్లో ఇప్పటికే ఒకరు గోడమీది బొగ్గు గీతలు, ఒకరు కుడినుంచి ఎడమకు ఉర్దూలో రాసిన క్యాలెండరు వెనకపేజీలు చూపించారు.

డిసెంబరులో ఆమె గదికి వచ్చి, పాత రికార్డు మళ్లీ వినిపించమంది. పద్నాలుగు నిమిషాలూ వింది. 600 రూపాయల దగ్గర, పుస్తకం రాసిన ఆమె పేరు వచ్చేచోట, దాదాపు నలభై సెకన్లు తీసివేయమంది. కాగితం మీద ఉంది కదా అంటే, "కాగితంలో పేరు ఉండదు, దీంట్లో నా గొంతుతో ఉండాది" అంది. ఆమె ముందే కత్తిరించి, పాతది చెరిపేసి, మళ్లీ వినిపించాను. నా దగ్గర ఇప్పుడున్నది ఆ పదమూడు నిమిషాల చిల్లరే.